ఒంటి కాపలా

మొదటి కీపర్ బాగున్నంత కాలం రెండో కీపర్‌ది ఎదురుచూపే. చేసిన తప్పు వేలమంది కళ్ల ముందే జరుగుతుంది. గోల్‌కీపర్ వృత్తి ఎలా మొదలవుతుంది, ఎలా నిలబడుతుంది, చివరికి ఏం మిగులుస్తుంది? హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్, హైదరాబాద్‌కు కప్పు తెచ్చిన లక్ష్మీకాంత్ కట్టిమణి, చిత్తూరు పల్లె నుంచి ఒలింపిక్స్ దాకా వెళ్లిన ఎతిమరపు రజనిల ప్రయాణాల్లో దీనికి సమాధానాలున్నాయి.

ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపర్‌కు ఒక్కటే చోటు. డిఫెండర్ తడబడితే కోచ్ అతణ్ని కుడి నుంచి ఎడమకు మారుస్తాడు. ఫార్వర్డ్‌కు గోల్స్ పడకపోతే కాస్త వెనక్కి దించి ఆడిస్తాడు, లేదా రెండో సగంలో మరొకరిని దింపుతాడు. గోల్ ముందు ఆ వెసులుబాటు లేదు. గాయమో, రెడ్ కార్డో అయితే తప్ప మ్యాచ్ మధ్యలో కీపర్‌ను మార్చడం చాలా అరుదు. మొదటి కీపర్ ఫామ్‌లో ఉన్నన్నాళ్లూ రెండో కీపర్ బెంచి మీదే కూర్చోవాలి. అది ఒక సీజన్ కావచ్చు, ఐదు సీజన్లూ కావచ్చు. హాకీలోనూ, ఐస్ హాకీలోనూ గోల్ ముందు ఒక్కటే చోటు. అందుకే ఈ వృత్తిలో నైపుణ్యంతో పాటు ఓపిక కూడా అర్హతే.

మరో సంగతీ ఉంది. ఫార్వర్డ్ ఐదు అవకాశాలు చేజార్చి ఆరోది గోల్ చేస్తే ఆ రోజు అతడే హీరో. కీపర్ ఐదు ఆపి ఆరోది వదిలితే ఓటమి భారమంతా అతడి మీదే పడుతుంది. ఒక్క మ్యాచ్ చూసి కీపర్‌ను తూస్తే దాదాపు ప్రతిసారీ అన్యాయమే జరుగుతుంది. అతడి విలువ తేలాలంటే పదేళ్ల ఆట చూడాలి.

సైబరాబాద్ ఐటీ కారిడార్‌లో ఈ పాఠం చెప్పే మైదానం ఒకటుంది. ట్రిపుల్ ఐటీకి దగ్గరలో, పాత ముంబయి రహదారి పక్కన ఉన్న గచ్చిబౌలి స్టేడియాన్ని 2002 జాతీయ క్రీడల కోసం కట్టారు. అదే ఏడాది మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి పేరు పెట్టారు. 2007లో ప్రపంచ సైనిక క్రీడలు ఇక్కడే జరిగాయి. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీకి ఇదే సొంతగడ్డ అయింది. 2024లో భారత జట్టు అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడిందీ ఇక్కడే.

అర సెకను లోపు

ఫుట్‌బాల్ గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పెనాల్టీ తన్నే గుర్తు గోల్ గీతకు 11 మీటర్ల దూరంలో ఉంటుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తన్నిన బంతి ఆ దూరాన్ని దాదాపు 0.4 సెకన్లలో దాటేస్తుంది. బంతి ఎటు వస్తోందో కన్ను పట్టి, మెదడు నిర్ణయించి, కాళ్లు నేలను తన్ని, ఒళ్లు గోల్ మూలకు చేరేసరికి అంతకంటే ఎక్కువ సమయమే పడుతుంది. అంటే బంతిని చూశాక దూకితే ఆలస్యమైనట్టే. తన్నేవాడి పరుగు కోణం, నేల మీద ఆనించిన పాదం చూపే దిక్కు, నడుము తిరిగే తీరు చూసి ముందే ఒక నిర్ణయానికి రావాలి.

ఆ నిర్ణయం మీద మనసు ఒత్తిడి ఎంతో ఇజ్రాయెల్ పరిశోధకులు 2007లో లెక్క కట్టారు. పెద్ద లీగుల్లో తన్నిన 286 పెనాల్టీలను పరిశీలిస్తే కీపర్లు దాదాపు 94 శాతం సార్లు కుడికో ఎడమకో దూకారు. నాలుగింట ఒక వంతుకు పైగా బంతులు మాత్రం మధ్యలోకే వచ్చాయి. కదలకుండా నిలబడితే ఇంకొన్ని ఆపగలిగేవారు. కానీ నిలబడి గోల్ ఇచ్చిన కీపర్ ఏమీ చేయనివాడిలా కనిపిస్తాడు, దూకి గోల్ ఇచ్చినవాడు ప్రయత్నించినవాడిలా కనిపిస్తాడు. చూసేవారి తీర్పు కీపర్ కాళ్లలోకి దిగుతుందన్నమాట.

మిగతా పని కంటికి అంతగా ఆనదు. ఎదురుగా వచ్చే బంతిని పట్టేటప్పుడు రెండు బొటనవేళ్లు దగ్గరై, మిగతా వేళ్లు విచ్చుకుని, అరచేతులు బంతి వెనకాల గోడ కట్టాలి. బొటనవేళ్ల మధ్య ఎడం పెరిగితే తడి బంతి అందులోంచి జారిపోతుంది. పక్కకు దూకినప్పుడు మోచేయి, తుంటి ఎముక నేలకు కొట్టుకోకుండా తొడ పక్క, భుజం వెనక భాగం మీద పడటం నేర్చుకోవాలి. కార్నర్ వస్తే గుంపు నెట్టుతుండగా ఒక మోకాలు పైకెత్తి ఎగిరి, ఎత్తు అత్యధికంగా ఉన్న క్షణంలో బంతిని అందుకోవాలి. అందదనిపిస్తే పిడికిలితో దూరంగా కొట్టాలి. ఆగాలా, ముందుకు రావాలా అన్నది తేల్చుకోవడానికి దొరికేది ఒక్క అడుగు వేసేంత సమయం. రోజూ వందలసార్లు పడి లేచి నేర్చుకునే పని ఇది. అందుకే కీపర్ల సాధన తరచూ మిగతా జట్టుతో కలవకుండా, వేరే కోచ్ దగ్గర, మైదానంలో ఒక మూలన సాగుతుంది.

నిబంధనలు మారిన ప్రతిసారీ ఈ ఉద్యోగమూ మారింది. సహచరుడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని చేత్తో పట్టకూడదని 1992లో నిబంధన వచ్చింది. దాంతో కీపర్ కాళ్లతో ఆడటం నేర్చుకోక తప్పలేదు. పెనాల్టీ తన్నే క్షణంలో కనీసం ఒక పాదమైనా గీత మీద, లేదా గీతకు సూటిగా ఉండాలని 2019లో స్పష్టం చేశారు. బంతిని 8 సెకన్లకు మించి చేతుల్లో పెట్టుకుంటే ప్రత్యర్థికి కార్నర్ ఇవ్వాలని 2025లో తేల్చారు. డిఫెండర్ల వెనక ఖాళీ జాగాను ఊడ్చే పని కూడా ఇప్పుడు కీపర్‌దే. ముందుకు రావడం ఆలస్యమైతే గోల్, తొందరపడ్డా గోల్.

2024 నవంబర్ 18న గచ్చిబౌలిలో మలేసియాతో జరిగిన మ్యాచ్‌లో దీన్ని అందరూ చూశారు. భారత కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు బంతి కోసం పెనాల్టీ ప్రాంతం దాటి వచ్చాడు. అంచనా తప్పింది. పాలో జోసు ఖాళీ గోల్‌లోకి బంతిని పంపాడు. అది 19వ నిమిషం. 39వ నిమిషంలో రాహుల్ భేకే తలతో స్కోరు సమం చేశాడు, మ్యాచ్ 1–1తో ముగిసింది. యూరోపా లీగ్‌లో ఆడిన తొలి భారతీయుడు, ఏళ్ల తరబడి దేశానికి మొదటి కీపర్ అయిన ఆటగాడికి కూడా ఆ రాత్రి మిగిలిన గుర్తింపు ఆ ఒక్క తప్పే.

రహీం సాబ్ ఎంపిక

హైదరాబాద్‌కు గోల్‌కీపర్లతో బంధం ఐటీ కంటే చాలా పాతది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దింది సయ్యద్ అబ్దుల్ రహీం. భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేర్చిన కోచ్ కూడా ఆయనే. అజయ్ దేవగణ్ నటించిన ‘మైదాన్’ సినిమా 2024లో ఆయన పేరును కొత్త తరానికి చేర్చింది. రహీం నమ్ముకున్న కీపర్ పీటర్ తంగరాజ్.

తంగరాజ్ 1935లో హైదరాబాద్‌లో పుట్టారు. మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల్లో ఆట మొదలుపెట్టారు. 1953లో సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ తరఫున బరిలోకి దిగారు, అదీ సెంటర్ ఫార్వర్డ్‌గా. గోల్స్ కొట్టడానికి వెళ్లినవాడు గోల్స్ ఆపే చోటుకు మారడం ఆ తరువాతి మలుపు. మంచి ఎత్తు, పొడవాటి చేతులు, ఫార్వర్డ్‌గా ఆడిన అనుభవంతో ప్రత్యర్థి ఏం చేయబోతున్నాడో పసిగట్టే తెలివి ఆ మార్పుకు కలిసొచ్చాయి. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ 1955లోనూ, 1958లోనూ డ్యూరాండ్ కప్ గెలిచింది. 1956, 1960 ఒలింపిక్స్‌కు తంగరాజ్ వెళ్లారు. 1958లో ఆసియా అత్యుత్తమ గోల్‌కీపర్‌గా ఎంపికయ్యారు.

ఆయన వృత్తి జీవితంలో గోల్‌కీపర్ బతుకంతా ఇమిడిన ఘట్టం 1962 జకార్తా ఆసియా క్రీడలు. టోర్నీలో ముందు మ్యాచ్‌లలో గోల్ కాసింది ప్రద్యుత్ బర్మన్. తంగరాజ్ అనారోగ్యంతో ఉన్నారు. సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాతో ఫైనల్‌కు రహీం జట్టును మార్చి తంగరాజ్‌ను దింపారు. గాలిలో వచ్చే బంతులకు ఆయన ఎత్తు పనికొస్తుందన్నది కోచ్ లెక్క. స్టేడియం నిండా జనం, ఆ జనమంతా భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తున్నారు. పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్ మొదటి 20 నిమిషాల్లోనే చెరో గోల్ కొట్టారు. కొరియా చివర్లో ఒకటి మాత్రమే తిరిగి ఇవ్వగలిగింది. 2–1తో స్వర్ణం దక్కింది. రోజుల తరబడి బయట కూర్చుని, ఆఖరి రోజున, అతి పెద్ద మ్యాచ్‌లో, కాలు చేయి కుదురుకునే వ్యవధి కూడా లేకుండా నిలబడటం తంగరాజ్ చేసిన పని. దానికి మరో వైపు బర్మన్ చేసిన పని ఉంది. జట్టును ఫైనల్ దాకా తెచ్చి, ఫైనల్‌లో పక్కకు జరగడం. ఒకే చోటు ఉన్న ఉద్యోగంలో ఒకరి అవకాశం ఎప్పుడూ మరొకరి త్యాగమే.

సైన్యం వదిలాక తంగరాజ్ కలకత్తా చేరి మొహమ్మదన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడారు. 1967లో అర్జున అవార్డు అందుకున్నారు. 2008లో బొకారోలో కన్నుమూశారు.

ఫతోర్దా, 2015

లక్ష్మీకాంత్ కట్టిమణి 1989లో పుట్టిన గోవా ఆటగాడు. డెంపో క్లబ్‌లో ఎదిగి, ఇండియన్ సూపర్ లీగ్ వచ్చాక ఎఫ్‌సీ గోవాకు మారాడు. 2015 డిసెంబర్ 20న మడ్గావ్‌లోని ఫతోర్దా స్టేడియంలో ఐఎస్‌ఎల్ ఫైనల్ జరిగింది. ప్రత్యర్థి చెన్నైయిన్ ఎఫ్‌సీ. జికో కోచింగ్‌లో ఉన్న గోవాకు సొంత ప్రేక్షకుల అండ ఉంది. గోల్ ముందు 26 ఏళ్ల కట్టిమణి ఉన్నాడు.

54వ నిమిషంలో చెన్నైయిన్‌కు పెనాల్టీ వచ్చింది. బ్రూనో పెలిసారి తన్నిన బంతిని కట్టిమణి ఆపాడు. కానీ తిరిగొచ్చిన బంతిని పెలిసారే మళ్లీ గోల్‌లోకి నెట్టాడు. నాలుగు నిమిషాలకే హావోకిప్ సమం చేశాడు. కాసేపటికే చెన్నైయిన్‌కు మరో పెనాల్టీ. ఈసారి స్టీవెన్ మెండోజా. కట్టిమణి దాన్నీ ఆపాడు, గోవా నిలబడింది. 87వ నిమిషంలో జోఫ్రే ఫ్రీకిక్‌తో గోవా 2–1 ఆధిక్యంలోకి వెళ్లింది. కప్పు చేతికందే దూరంలో ఉంది.

90వ నిమిషంలో గోల్ ముందు గందరగోళంలో బంతి కట్టిమణిని తాకి సొంత గోల్‌లోకే వెళ్లింది. స్కోరు 2–2. ఇంజురీ టైమ్ రెండో నిమిషంలో మెండోజా మరో గోల్ కొట్టాడు. చెన్నైయిన్ 3–2తో విజేత. ఫైనల్‌లో రెండు పెనాల్టీలను చేతులతో అడ్డుకున్న కీపర్ పేరు స్కోరుకార్డులో ఒక్కచోటే కనిపించింది, సొంత గోల్ అన్న మాట పక్కన. ఆపిన బంతులకు స్కోరుకార్డులో గడి లేదు.

ఇలాంటి రాత్రి తరువాత ఏం జరుగుతుందన్నదే ఈ వృత్తికి అసలు పరీక్ష. ఫార్వర్డ్‌కు తన పొరపాటును తుడిచేసే అవకాశం మరుసటి మ్యాచ్‌లోనే దొరుకుతుంది, ఒక గోల్ చాలు. కీపర్‌కు అలాంటి ఒక్క క్షణం అంటూ ఉండదు. పొరపాట్లు లేని మ్యాచ్‌లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవాలి, అవి ఎవరికీ గుర్తుండవు. గోవాలో తరువాతి సీజన్లలో నవీన్ కుమార్, మొహమ్మద్ నవాజ్ వంటివారితో కట్టిమణి చోటు పంచుకోవాల్సి వచ్చింది. 30 ఏళ్ల వయసులో కొత్త ఊరు వెతుక్కున్నాడు.

పసుపు జట్టులోకి

పుణె సిటీ క్లబ్ మూతపడ్డాక దాని స్థానంలో 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పడింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని దాని అప్పటి యజమానులు. నవంబర్ 2న గచ్చిబౌలిలో ఆడిన తొలి సొంత మ్యాచ్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను 2–1తో ఓడించింది. ఐటీ కారిడార్‌లో సాయంత్రం షిఫ్టు దిగి నేరుగా స్టేడియానికి వచ్చే కుర్రకారు పసుపు చొక్కాలేసుకుని డెక్కన్ లీజియన్ పేరుతో అభిమాన సంఘంగా కూడారు. అయినా ఆ సీజన్ చేదుగానే ముగిసింది. 10 పాయింట్లతో పట్టికలో అట్టడుగున నిలిచింది. గోల్ ముందు కమల్‌జిత్ సింగ్, కట్టిమణి మారుతూ వచ్చారు.

మరుసటి ఏడాది కోచ్‌గా స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చాడు. కీపర్లలో సీనియర్ సుబ్రతా పాల్ చేరాడు. కట్టిమణి మళ్లీ పోటీలో నిలిచి, సీజన్ సాగేకొద్దీ చోటు దక్కించుకున్నాడు. జట్టు 29 పాయింట్లతో ఐదో స్థానానికి ఎగబాకింది. కోవిడ్ కారణంగా 2020–21, 2021–22 సీజన్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. హోటల్, మైదానం, మళ్లీ హోటల్ అన్నట్టు నెలల తరబడి బుడగలో బతుకు. హైదరాబాద్ తన అత్యుత్తమ సీజన్ 2021–22ను సొంత ప్రేక్షకుల ముందు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఆడింది. లీగ్ దశలో 38 పాయింట్లతో రెండో స్థానం, 18 గోల్స్‌తో ఫార్వర్డ్ ఒగ్బెచెకు గోల్డెన్ బూట్, సెమీఫైనల్‌లో ఏటీకే మోహన్ బగాన్‌పై రెండు మ్యాచ్‌లు కలిపి 3–2 విజయం. ఫైనల్ వేదిక ఫతోర్దా.

ఫతోర్దా, 2022

2022 మార్చి 20. ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. ఏళ్ల తరువాత ప్రేక్షకులకు తలుపులు తెరిచారు, స్టేడియం కేరళ పసుపుతో నిండిపోయింది. 68వ నిమిషంలో రాహుల్ కేపీ కొట్టిన షాట్‌తో కేరళ ముందుకెళ్లింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గాలిలోని బంతిని నేల తాకనివ్వకుండా కొట్టి సమం చేశాడు. అరగంట అదనపు సమయంలోనూ తేలలేదు. పెనాల్టీ షూటౌట్ మొదలైంది.

మొదట మార్కో లెస్కోవిచ్. కట్టిమణి ఆపాడు. హైదరాబాద్ తరఫున జువావ్ విక్టర్ గోల్ చేశాడు. తరువాత నిషు కుమార్ తన్నాడు, కట్టిమణి ఆపాడు. కానీ తన్నే క్షణానికి గీత వదిలి ముందుకొచ్చాడని రిఫరీ మళ్లీ తన్నమన్నాడు. ఇక్కడ ఇద్దరి మనసుల్లో ఏం నడుస్తుందో ఊహించవచ్చు. తన్నేవాడు అదే వైపు తన్నాలా, మార్చాలా అని తర్జనభర్జన పడతాడు. ఆపినవాడు ఒకసారి దక్కిన విజయం చేజారిందన్న కోపాన్ని మింగి, కాలు గీత మీదే ఉంచుకుని, మొదటిసారి దూకినంత బలంగా దూకాలి. నిషు మళ్లీ తన్నాడు. కట్టిమణి మళ్లీ ఆపాడు.

హైదరాబాద్ ఆటగాడు సివేరియో గురి తప్పాడు. ఆయుష్ అధికారి కేరళకు తొలి గోల్ ఇచ్చాడు. కసా కమరా హైదరాబాద్‌ను మళ్లీ ముందుంచాడు. నాలుగో పెనాల్టీకి జీక్సన్ సింగ్ వచ్చాడు. కట్టిమణి దాన్నీ ఆపాడు. హలిచరణ్ నర్జారీ తన్నిన బంతి వలలో పడటంతో షూటౌట్ 3–1గా ముగిసింది. హైదరాబాద్ ఎఫ్‌సీ తొలిసారి ఐఎస్‌ఎల్ విజేత అయింది.

2015లో సొంత గోల్ పడిన స్టేడియం ఇదే. మధ్యలో ఆరేళ్లకు పైగా కాలం గడిచింది. కట్టిమణి వయసు 32. ఈ వృత్తిలో అది పండే వయసు. ఇటలీకి చెందిన డినో జోఫ్ 40 ఏళ్లకు ప్రపంచకప్ ఎత్తాడు, బుఫాన్ 45 దాకా ఆడాడు. పరుగుల వేగం తగ్గినా, వేల బంతులు చూసిన కంటికి అడుగు ఎక్కడ వేయాలో ముందే తెలుస్తుంది. ఆ జ్ఞానం బెంచి మీద కూర్చున్న ఏళ్లలో కూడా పేరుకుంటుంది. 2015 రాత్రి చూసి కట్టిమణిని తీసిపారేసి ఉంటే 2022 ఉండేది కాదు.

2022–23లో హైదరాబాద్ 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానంలో నిలిచి సెమీస్‌లో పెనాల్టీలలో ఓడింది. 2023–24లో డబ్బు కష్టాలతో ఆటగాళ్లు ఒక్కొక్కరూ వెళ్లిపోయారు, ఎనిమిదే పాయింట్లు దక్కాయి. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. గచ్చిబౌలి గోల్‌పోస్టులకు ఇప్పుడు సొంత ఐఎస్‌ఎల్ కీపర్ లేడు.

రజని నిరీక్షణ

హాకీ గోల్ చిన్నది: 3.66 మీటర్ల వెడల్పు, 2.14 మీటర్ల ఎత్తు. బంతి మాత్రం రాయిలా గట్టిగా ఉంటుంది. పెనాల్టీ కార్నర్‌లో డ్రాగ్‌ఫ్లిక్ గంటకు 100 కిలోమీటర్లు దాటే వేగంతో వస్తుంది. అందుకే హెల్మెట్, ఛాతీ కవచం, లావాటి లెగ్‌గార్డులు, కాళ్లకు కిక్కర్లు వేసుకోవాలి. షూటౌట్‌లో ఫార్వర్డ్‌కు 23 మీటర్ల గీత నుంచి 8 సెకన్ల గడువు ఇస్తారు. ఆ బరువంతా మోస్తూ కీపర్ ఎదురెళ్లి దారి మూసేయాలి.

అప్పటి చిత్తూరు జిల్లా ఎర్రావారిపాలెం మండలంలోని పల్లె నుంచి వచ్చిన ఎతిమరపు రజని ఈ పనినే ఎంచుకుంది. 1990లో పుట్టిన ఆమె 2009లో భారత జట్టుకు ఆడటం మొదలుపెట్టింది. ఆమె కాలంలోనే హర్యానాకు చెందిన సవితా పునియా ప్రపంచంలో మేటి గోల్‌కీపర్లలో ఒకరిగా ఎదిగింది. దాంతో రజని వృత్తిలో ఎక్కువ భాగం రెండో కీపర్‌గానే గడిచింది. 2017లో ఆసియా కప్ గెలిచిన జట్టులో, 2018 ప్రపంచకప్‌లో, అదే ఏడాది ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన జట్టులో, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టులో ఆమె ఉంది. టోక్యో ఒలింపిక్స్‌కు సవితకు ప్రత్యామ్నాయంగా వెళ్లింది. భారత మహిళలు ఆస్ట్రేలియాను 1–0తో ఓడించి సెమీస్ చేరి చరిత్ర సృష్టించి, నాలుగో స్థానంలో నిలిచిన ఆ టోర్నీలో గోల్ ముందు నిలబడింది సవితే.

రెండో కీపర్ పని ఖాళీగా కూర్చోవడం కాదు. సాధనలో మొదటి కీపర్‌కు బంతులు వేసేది, షూటౌట్ సాధనకు ఫార్వర్డ్‌లకు ఎదురు నిలిచేది, ప్రత్యర్థుల అలవాట్లు కలిసి చూసేది ఆమే. ఏ క్షణాన గాయమైనా అదే స్థాయిలో దిగగలిగే సన్నద్ధత ఉండాలి. ఆ సన్నద్ధతను ఏళ్ల పాటు సడలకుండా ఉంచుకోవడం మొదటి కీపర్ పనికంటే తేలిక కాదు. రజనికి ఆలస్యంగానైనా గౌరవం దక్కింది. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన తొలి హాకీ ఫైవ్స్ మహిళల ప్రపంచకప్‌లో భారత జట్టుకు ఆమే కెప్టెన్. జట్టు ఫైనల్ చేరి నెదర్లాండ్స్ చేతిలో ఓడి రెండో స్థానంలో నిలిచింది.

మంచు మీద కాపలా

ఈ వృత్తి అత్యంత కఠిన రూపం ఐస్ హాకీలో కనిపిస్తుంది. దాదాపు 170 గ్రాముల గట్టి రబ్బరు పక్ గంటకు 160 కిలోమీటర్ల వేగంతో 1.83 మీటర్ల వెడల్పు, 1.22 మీటర్ల ఎత్తు ఉన్న గోల్ మీదికి వస్తుంది. కెనడా కీపర్ గ్లెన్ హాల్ 1955 నుంచి 1962 వరకు ఒక్కటీ వదలకుండా ఉత్తర అమెరికా లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో వరుసగా 502 మ్యాచ్‌లు ఆడాడు, అదీ ముఖానికి మాస్కు లేకుండా. 1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో పక్ తగిలి ముఖం చీలిన జాక్ ప్లాంట్, కుట్లు వేయించుకుని మాస్కుతో తిరిగొచ్చాకే ఆ రక్షణ అందరికీ అలవాటైంది. మార్టిన్ బ్రోడర్ 691 విజయాలతో ఆ లీగ్ రికార్డు నెలకొల్పాడు. ఎదురుచూపుకు అక్కడ ఓ విచిత్రమైన ఉద్యోగం కూడా ఉంది. ఇరు జట్లలో ఏ కీపర్లు గాయపడినా దిగడానికి ఒక అత్యవసర కీపర్ స్టేడియంలో సిద్ధంగా ఉంటాడు. 2020 ఫిబ్రవరి 22న టొరంటోలో కరోలినా జట్టు కీపర్లిద్దరూ గాయపడితే, రింకులో మంచు చదును చేసే యంత్రం నడిపిన 42 ఏళ్ల డేవిడ్ ఏర్స్ దిగాడు. 10 షాట్లలో 8 ఆపి జట్టును గెలిపించాడు.

మన దేశంలో ఈ ఆటకు పుట్టిల్లు లద్దాఖ్. భారత మహిళల జట్టు 2025లో ఆసియా కప్‌లో కాంస్యం గెలిచింది. జాతీయ జట్టు కీపర్‌గా పేరు తెచ్చుకున్న నూర్ జహాన్‌కు బతుకుతెరువు ఆట కాదు. లద్దాఖ్ ఆరామాల పాత కుడ్యచిత్రాలను సంరక్షించే సంస్థను ఆమె నడుపుతోంది. ఆట మీద ప్రేమ ఉన్నా జీతమిచ్చే లీగ్ లేని చోట కీపర్ జీవితం ఇలాగే రెండు పనుల మధ్య సాగుతుంది.

చోట్లు ఎన్ని?

వృత్తిగా చూస్తే లెక్క చిన్నదే. 2024–25 ఐఎస్‌ఎల్‌లో 13 క్లబ్బులున్నాయి, అంటే మొదటి కీపర్ చోట్లు 13. మైదానంలో నలుగురు విదేశీయులకే అనుమతి ఉండటంతో క్లబ్బులు ఆ నాలుగు చోట్లను ఎక్కువగా గోల్స్ కొట్టేవారికి, మధ్యలో ఆట నడిపేవారికి కేటాయిస్తాయి. కాబట్టి గోల్ ముందు భారతీయులకు అవకాశం మెండు. అయినా దేశమంతా పోటీ పడేది ఆ కొద్ది చోట్లకే. రెండో, మూడో కీపర్‌గా ఒప్పందం దొరికినా ఆడే నిమిషాలు తక్కువ, ఆడకపోతే తరువాతి ఒప్పందం కష్టం. క్లబ్ మూతపడినా, ఊరు మారినా ముందు రోడ్డున పడేది వీళ్లే. రైల్వేలు, సైన్యం, పోలీసు వంటి సంస్థల ఉద్యోగాలే తంగరాజ్ కాలం నుంచి నేటి దాకా ఆటగాళ్లకు స్థిరమైన అండ.

ఇక తయారీ. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలో ఇప్పుడు టర్ఫ్ మైదానాలకు కొదవ లేదు. రాత్రి పదకొండు దాటినా లైట్ల కింద ఐదుగురికి ఐదుగురు ఆడుతూనే ఉంటారు. కానీ అక్కడ గోల్‌లో నిలబెట్టేది ఎక్కువగా అలసిపోయినవాణ్ని. పిల్లల అకాడమీల్లోనూ కీపర్లకు ప్రత్యేక కోచ్ ఉండటం అరుదు. పడటం సరిగా నేర్పకపోతే పన్నెండేళ్లకే మోచేతులు, భుజాలు దెబ్బతింటాయి, ఒక్క గోల్‌కు తిట్టు తిన్న పిల్లాడు మరుసటి వారం గ్లవ్స్ తొడగడు. ప్రతి అకాడమీలో వారానికి రెండు మూడు పూటలైనా కీపర్ కోచ్, వయసు జట్లలో ఇద్దరు కీపర్లకూ సమంగా మ్యాచ్‌లు, ఓటమి తరువాత కీపర్‌ను ఒంటరిగా నిలదీయని పద్ధతి ఉంటే చాలు. దీనికయ్యే ఖర్చు పెద్దది కాదు. ఒలింపిక్ కీపర్‌ను ఇచ్చిన హైదరాబాద్‌కు, గాయపడ్డ పేరును మోసుకొచ్చిన కట్టిమణి చేతుల మీదుగా లీగ్ గెలిచిన హైదరాబాద్‌కు, ఆ కొద్దిపాటి శ్రద్ధ చూపాల్సిన బాధ్యత ఉంది. కీపర్ తయారవడానికి పదేళ్లు పడుతుంది. ఆ పదేళ్లూ ఓపిక పట్టాల్సింది కీపర్ ఒక్కడే కాదు, కోచ్, క్లబ్, ప్రేక్షకుడు కూడా.